బైక్ కేఫ్ పెట్టాలంటే ముందు రోడ్డు చూడాలి

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బైక్ కేఫ్ పెడదామనుకునే కుర్రాడు మొదట గోడల గురించి ఆలోచిస్తాడు. ఏ గోడకు పాత రాజ్‌దూత్ ట్యాంకు బిగించాలి, ఏ మూల యెజ్డీని నిలబెట్టాలి, టైర్లతో టేబుళ్ళు చేయించాలా, చైను స్ప్రాకెట్లతో గడియారం చేయించాలా అని రాత్రుళ్ళు నిద్ర మానుకుని బొమ్మలు గీసుకుంటాడు. ఆ ఉత్సాహం మంచిదే. బండి మీద ప్రేమ లేనివాళ్ళు ఈ వ్యాపారం జోలికి రాకపోవడమే మేలు. కాకపోతే గోడ చూడ్డానికి మనిషి ఒక్కసారే వస్తాడు, ఫోటో తీసుకుని వెళ్ళిపోతాడు. అదే మనిషి రెండోసారి, పదోసారి రావాలంటే ఏం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న.

ఈ రకం కేఫ్‌లన్నిటికీ పెద్దన్న లండన్‌లోని ఏస్ కేఫ్. 1938లో నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన దాన్ని పెట్టింది బైకుల వాళ్ళ కోసం కాదు, లారీ డ్రైవర్ల కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి దెబ్బతింది. 1949లో మళ్ళీ కట్టారు. రాత్రంతా తెరిచి ఉండేది, టీ చవకగా దొరికేది, జ్యూక్‌బాక్సులో రాక్ అండ్ రోల్ పాటలు మోగేవి. చేతిలో నాలుగు డబ్బులు, కింద ఒక బండి ఉన్న 1950ల నాటి కుర్రకారు సహజంగానే అక్కడికి చేరారు. గంటకు 100 మైళ్ళ వేగం అందుకోవాలన్నది వాళ్ళ పంతం. అందుకోసం బరువు తగ్గించి, హ్యాండిల్ కిందికి దించి తయారుచేసుకున్న బండ్లకే కేఫ్ రేసర్లని పేరొచ్చింది. అంత పేరున్న ఏస్ కూడా 1969లో మూతపడింది. కొత్త మోటార్‌వేలు వచ్చి లారీలు దారి మళ్ళాయి, కార్లు అందుబాటులోకి వచ్చి కుర్రాళ్ళు బండ్లు దిగారు. మార్క్ విల్స్‌మోర్ అనే మాజీ పోలీసు పట్టుబట్టి 2001లో దాన్ని పూర్తిస్థాయిలో మళ్ళీ తెరిచారు.

ఈ కథను మన ఊళ్ళో కేఫ్ పెట్టాలనుకునేవాళ్ళు శ్రద్ధగా చదవాలి. ఏస్‌ను రోజూ నిలబెట్టింది లారీలు, దానికి పేరు తెచ్చింది బైకులు. లారీలు పోయాక ఒట్టి పేరుతో అది నడవలేకపోయింది.

మన దేశంలో చాలామందికి నమూనాగా కనిపించేది గోవాలో బాగా బీచ్ దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ పెట్టిన గరాజ్ కేఫ్. భోజనం, జాకెట్లు, హెల్మెట్ల అమ్మకం, బండ్ల ప్రదర్శన అన్నీ ఒక్కచోటే ఉంటాయి. దాన్ని చూసి ముచ్చటపడవచ్చు గానీ లెక్కలు మాత్రం దాని నుంచి తీసుకోకూడదు. 1955 నుంచి మద్రాసులో బుల్లెట్లు తయారుచేస్తూ వచ్చిన కంపెనీకి కేఫ్ అనేది ప్రచారంలో భాగం. అందులో నాలుగు రూపాయలు పోయినా బండ్ల అమ్మకంలో రాబట్టుకుంటుంది. బ్యాంకు అప్పు తెచ్చి పెట్టిన కుర్రాడికి కాఫీ, టిఫిను తప్ప వేరే రాబడి లేదు.

మరి మన రోడ్లు ఏం చెబుతున్నాయి? ఉత్తరాంధ్రలో సరదాగా బండి నడిపేవాళ్ళు ఎక్కువగా మూడు దార్లు పడతారు. మొదటిది అరకు దారి. విశాఖ నుంచి అరకు వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది పెందుర్తి దాటి కొత్తవలస, లక్కవరపుకోట, శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగానే పోతారు. ఈ మూడూ విజయనగరం జిల్లావే. విజయనగరం నుంచి వెళ్ళేవాళ్ళు కూడా ఎస్.కోటలోనే కలుస్తారు. ఘాట్ ఎక్కే ముందు మైదానంలో చివరి పెద్ద ఊరు అది. రెండోది 16వ నంబరు జాతీయ రహదారి. భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల, శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా సాగి ఒడిశాలోకి పోతుంది. కళింగపట్నం, బారువ తీరాలకు వెళ్ళేవాళ్ళు, అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం దర్శనాలకు వెళ్ళేవాళ్ళు ఈ దారినే వస్తారు. మూడోది విజయనగరం నుంచి గజపతినగరం, సాలూరు మీదుగా కోరాపుట్ కొండలెక్కే దారి. దీని మీద బైకులు తక్కువ, లారీలు ఎక్కువ. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు కూడా. ఏస్ కేఫ్ కథ ప్రకారం ఈ దారిని తీసిపారేయడానికి వీల్లేదు.

నన్నడిగితే మూడింటిలో ఎస్.కోట పరిసరాలకే నా ఓటు. కారణం, దారి ఘాట్ వైపు మలుపు తిరిగేది అక్కడే. విశాఖలో తెల్లవారుజామున బయల్దేరినవాడికి గంటా గంటన్నరకు ఒళ్ళు నొప్పి తెలుస్తుంది, ఆకలి మొదలవుతుంది, ముందున్న ఘాట్‌కు సిద్ధం కావాలి. టైరులో గాలి చూసుకోవాలి, చలికాలమైతే జాకెట్టు తొడుక్కోవాలి. ఆగడానికి అంతకంటే సరైన చోటు ఆ దారిలో లేదు.

హైవే మీద పెట్టేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద కేఫ్ పెడితే దొరికేది సగం రోడ్డే. విశాఖ నుంచి ఉత్తరంగా వచ్చేవాళ్ళు పొద్దున్న ఎడమవైపు, అంటే కొండల వైపున్న హోటలుకే తిరుగుతారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు సముద్రం వైపున్నవే వాళ్ళకు అందుతాయి. టిఫిన్ల మీద బతికే కేఫ్ ఒక వైపు ఉండాలి, సాయంత్రం టీ మీద బతికేది ఇంకో వైపు ఉండాలి. చవకగా దొరికిందని స్థలం తీసుకుని, యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉందని తర్వాత తెలుసుకుంటే చేసేదేమీ ఉండదు. జాతీయ రహదారి నుంచి నేరుగా దారి తీసుకోవాలన్నా సంబంధిత శాఖ అనుమతి కావాలి. స్థలం యజమాని "అదంతా నేను చూసుకుంటానులే" అంటే ఆ మాట కాగితం మీద రాయించుకోవాలి.

ఇక డబ్బు లెక్క. లెక్క పద్ధతి తెలియడం కోసం ఒక చిన్న కేఫ్‌ను ఊహించుకుందాం. నెలకు అద్దె 30 వేలు, నలుగురైదుగురికి జీతాలు 75 వేలు, కరెంటు 15 వేలు, 10 లక్షల అప్పు మీద వాయిదా 22 వేలు, గ్యాసు, నీళ్ళు, రిపేర్లు, చిల్లర ఖర్చులు 18 వేలు. మొత్తం 1,60,000. మనిషికి సగటు బిల్లు 120 అనుకుంటే, పాలు, పొడి, నూనె, పిండి కింద 40 పోగా 80 మిగులుతుంది. ఖర్చులు గట్టెక్కాలంటే నెలకు 2,000 మంది రావాలి. నాలుగు ఆదివారాలు బండ్ల గుంపులతో కిటకిటలాడి వారానికి 150 మంది చొప్పున వచ్చారనుకోండి, 600 మంది. మిగిలిన 1,400 మంది మామూలు రోజుల్లోనే రావాలి. అంటే సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు 54 మంది. ఇందులో యజమానికి ఒక్క రూపాయి జీతం లేదు.

బైక్ కేఫ్ బతుకు ఆ 54 మంది దగ్గర తేలుతుంది. వాళ్ళు రైడర్లు కారు. ఎచ్చెర్లలో పెడితే అంబేడ్కర్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ విద్యార్థులు. రాజాంలో పెడితే జీఎంఆర్ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు. భోగాపురం దగ్గరైతే విమానాశ్రయం వల్ల వచ్చిపోయేవాళ్ళు. ఊరి మధ్య, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరో విజయనగరం కోట దగ్గరో అయితే ఆఫీసులవాళ్ళు, కుటుంబాలు. వీళ్ళ జేబుకు తగ్గ ధర, కూర్చోడానికి ఫ్యాను కింద చోటు ఉంటే రోజూ వస్తారు. బర్గరు 250 అని రాస్తే ఆ పిల్లలు పుట్టినరోజుకు తప్ప రారు. రైడర్లు సైతం అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే జోరుగా తిరుగుతారు. ఏప్రిల్, మే ఎండల్లో హైవే మీద జాకెట్టు వేసుకుని ఎవరు వస్తారు? పైగా సీజను మొదలయ్యే అక్టోబరే మనకు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చింది ఆ నెలలోనే. రేకుల షెడ్డు వేసేవాళ్ళు గాలిని దృష్టిలో పెట్టుకుని వేయించాలి, బీమా కూడా కట్టాలి.

అయితే బైక్ అన్న పేరుకు అర్థం లేదా? ఉంది, అది కనిపించేది వాకిట్లో. రైడరు వచ్చి ఆగగానే చేసే మొదటి పని సైడ్ స్టాండు వెయ్యడం. నేల మట్టిదైతే వర్షాకాలంలో ఆ స్టాండు మెల్లగా దిగబడుతుంది, ఇతను లోపల దోసె తింటుండగా బయట 200 కిలోల బండి పక్కకు ఒరిగిపోతుంది. ట్యాంకు సొట్ట పడిన మనిషి మళ్ళీ ఆ గడప తొక్కడు. కాబట్టి గోడల కంటే ముందు వాకిలికి డబ్బు పెట్టాలి. గట్టి నేల, కొద్దిగా వాలు, పైన నీడ కావాలి. నీడ లేకపోతే తిరిగొచ్చి సీటు మీద కూర్చోలేరు. కూర్చున్న కుర్చీలోంచి బండి కనిపించాలి, దానికి బ్యాగులు కట్టి ఉంటాయి కదా. హెల్మెట్లు తగిలించుకోడానికి కొక్కేలు, చెమటతో తడిసిన గ్లౌజులు ఆరేసుకోడానికి చోటు, ఫోను ఛార్జింగు, గాలి కొట్టే కంప్రెసరు, ట్యూబ్‌లెస్ పంచరు వేసే సామాను, చైనుకు వేసే నూనె. ఇవన్నీ కలిపినా గోడకు వేలాడే పాత బుల్లెట్టు ఖరీదు కాదు. అన్నిటికంటే ముఖ్యం శుభ్రమైన బాత్‌రూము. ఆడపిల్లలు బండ్ల మీద అరకు వెళుతున్న రోజులివి. "అక్కడ బాత్‌రూము బాగుంటుంది" అన్న ఒక్కమాట వాళ్ళ గ్రూపుల్లో ఎంత దూరం పోతుందో చాలామంది హోటళ్ళవాళ్ళకు అంచనా లేదు.

కాఫీ విషయంలో మన ప్రాంతానికి ఉన్న అదృష్టం లండన్‌కు లేదు. పక్క కొండల్లో పండే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాంది ఫౌండేషన్ వాళ్ళ చొరవతో 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం కూడా వెలిసింది. విశాఖ కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థ పొడి అమ్ముతోంది. అలాంటప్పుడు ఎక్కడి నుంచో తెచ్చిన ప్యాకెట్టు కలిపి బైక్ కేఫ్ అనడం అన్యాయం. మొదటి రోజునే లక్షలు పోసి ఎస్‌ప్రెసో మెషీను కొనక్కర్లేదు. మంచి ఫిల్టరు డికాక్షనుతో మొదలుపెట్టొచ్చు. ఎండాకాలం చల్లటి చోడి అంబలి, మజ్జిగ, పొద్దున్న పెసరట్టు, పలాస జీడిపప్పు వేసిన ఉప్మా, దారిలో తినడానికి భీమాళి మామిడి తాండ్ర. బయటి జిల్లాలవాడికి గుర్తుండిపోయేవి ఇవే.

మెషీను మాట వచ్చింది కనుక పన్ను సంగతి. మామూలు రెస్టారెంటు బిల్లు మీద 5 శాతం జీఎస్టీ వసూలు చేసి కట్టాలి. కానీ సామాను కొన్నప్పుడు మనం కట్టిన పన్నును దాంట్లోంచి మినహాయించుకోవడానికి లేదు. 3 లక్షల మెషీను మీద 18 శాతం అంటే 54 వేలు అదనంగా పెట్టుబడిలో కలిసిపోతుంది. ప్రాజెక్టు రిపోర్టు రాసేవాళ్ళు చాలాసార్లు ఈ ముక్క వదిలేస్తారు. అప్పు కావాలంటే 2015లో వచ్చిన ముద్ర పథకం ఉంది. తాకట్టు లేకుండా కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా ఇస్తారు. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవాళ్ళకు 20 లక్షల దాకా అవకాశం ఉంది. ఆహార భద్రత శాఖ రిజిస్ట్రేషనో లైసెన్సో ఏడాది అమ్మకాన్ని బట్టి తీసుకోవాలి. స్థానిక సంస్థ నుంచి ట్రేడ్ లైసెన్సు, కమర్షియల్ గ్యాసు కనెక్షను ఎలాగూ తప్పవు. సినిమా పాటలు పెడితే కాపీరైటు సంస్థలకు రుసుము కట్టాలన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అలంకరణలో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, పాత సామాన్ల కొట్టులో కొన్న బండి. ఆర్‌సీ లేకుండా, ఛాసిస్ నంబరు చూడకుండా కొంటే రేపు అది దొంగబండి అని తేలవచ్చు. రెండోది, కంపెనీ పేరూ గుర్తూ మన బోర్డు మీదా టీషర్టుల మీదా వేసుకోవడం. అవి వాళ్ళ ట్రేడ్‌మార్కులు, నోటీసు వస్తుంది. నిజానికి అరువు గుర్తులు మనకెందుకు? వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాధన చేసి, కదిలే కార్లను చేతులతో ఆపాడని జనం చెప్పుకునే కోడి రామ్మూర్తి నాయుడు మనవాడే. ఆ గోడ మీద ఆయన బొమ్మ ఉంటే ఎంత నిండుగా ఉంటుంది!

ఊరివాళ్ళతో సంబంధం ఇంకా సున్నితమైనది. సైలెన్సరు మార్చిన బండ్లు పది కలిసి తెల్లవారి నాలుగింటికి వాకిట్లో మోత మోగిస్తే నెల తిరక్కుండా పంచాయతీకి ఫిర్యాదు పోతుంది. అలా మార్చడం మోటారు వాహనాల చట్టం ప్రకారమూ తప్పే. వాకిట్లో ఇంజను ఆపి బండి నెట్టుకురమ్మని మొదటి రోజు నుంచే చెప్పాలి. మద్యం ఊసే వద్దు. బండి మీద వచ్చినవాడు బండి మీదే తిరిగి వెళతాడు, మనం పెట్టిన చోటు నుంచి ఎవరి బిడ్డా ఆసుపత్రికి పోకూడదు.

చివరగా అద్దె కాగితం. మన ఊళ్ళలో అలవాటుగా 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు, రిజిస్ట్రేషను ఖర్చు తప్పుతుందని. ఇంట్లో కాపురానికి అది సరిపోవచ్చు. నేల, షెడ్డు, వంటగది కింద లక్షలు పోసేవాడికి అది చాలదు. కేఫ్ నడుస్తోందని తెలియగానే పన్నెండో నెలలో అద్దె పెంచమన్నా, ఖాళీ చెయ్యమన్నా కిక్కురుమనలేం. రిజిస్ట్రేషను ఖర్చు భరించి కనీసం అయిదేళ్ళ లీజు రాయించుకోవాలి. ఏటా అద్దె ఎంత పెరగాలో అందులోనే ఉండాలి. రోడ్డు విస్తరణలో స్థలం పోతే మనం వేసిన షెడ్డుకు వచ్చే పరిహారం ఎవరిదో కూడా రాయాలి. యజమాని దీనికి ఒప్పుకోకపోతే ఎంత మంచి మలుపైనా వదులుకుని, అదే దారిలో ఇంకో స్థలం వెతకాలి.