సీటొచ్చింది సరే.. బీమా మాటేమిటి?

రొయ్యల గుంటల మీద అప్పు తెచ్చో, మాగాణి తాకట్టు పెట్టో పిల్లలను విదేశీ చదువులకు పంపే కుటుంబాలు నెల్లూరు తీరంలో తక్కువేమీ కాదు. ఫీజు, విమాన టిక్కెట్టు, తిండి ఖర్చు రూపాయితో సహా లెక్క వేస్తారు. ఆరోగ్య బీమా దగ్గరికి వచ్చేసరికి 'వయసులో ఉన్న బిడ్డకు ఏమవుతుందిలే' అని పక్కన పెడతారు.

ఈ నిబంధన దేశానికో తీరుగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఉన్నన్నాళ్లకూ బీమా ఉంటేనే విద్యార్థి వీసా. బ్రిటన్‌లో ఆరు నెలలు మించిన చదువుకు వీసా దరఖాస్తుతోనే ఆరోగ్య రుసుం కట్టాలి. 2024 ఫిబ్రవరిలో దానిని విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు చేశారు. అది కడితే అక్కడి సర్కారు ఆసుపత్రుల్లో వైద్యం అందుతుంది. జర్మనీలో బీమా చూపనిదే విశ్వవిద్యాలయం పేరు నమోదు చేసుకోదు.

చిక్కంతా అమెరికాతోనే. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే ఎఫ్-1 వీసాకు బీమా తప్పనిసరని అక్కడి కేంద్ర చట్టం చెప్పదు. షరతు పెట్టేది విశ్వవిద్యాలయం. చదువు ముగిసి ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఆ బీమా ఆగిపోవచ్చు. ఆసుపత్రి బిల్లులు మాత్రం ఆగవు. జె-1 వీసాకైతే వైద్యానికి కనీసం లక్ష డాలర్లు, ప్రాణం పోతే భౌతికకాయాన్ని స్వదేశం చేర్చడానికి 25 వేల డాలర్ల బీమా ఉండి తీరాలి. ఎఫ్-1పై వెళ్లేవారూ ఇంతకు తగ్గని పాలసీ చూసుకోవడం మేలు.

విమానం ఎక్కకముందే మూడు సంగతులు అడగాలి. బీమా ఎంతవరకు ఇస్తుంది? మన చేతి నుంచి ఎంత పడుతుంది? ఏ తేదీతో ముగుస్తుంది? తుపాను వచ్చాక గుంటకు గట్టు వేసి లాభం లేదు.