ఆట ఆడితేనే కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: మా ఇంట్లో కంప్యూటర్‌లో పాఠాలు విన్నా, సినిమా చూసినా గంటల తరబడి ఏమీ కాదు. ఆట మొదలుపెడితే మాత్రం ఇరవై నిమిషాలకో అరగంటకో ఆగిపోతోంది. ఆటలాడి ఆడి నువ్వే పాడుచేశావని నాన్న అంటున్నారు. నిజంగా ఆటల వల్ల కంప్యూటర్ పాడవుతుందా? దీన్ని ఎలా బాగుచేసుకోవాలి?

జవాబు: సినిమాకు ఆగని కంప్యూటర్ ఆటకు ఆగుతోందని నువ్వే గమనించావు. సగం ఆధారం అందులోనే దొరికింది. ముందు ఆ రెండు పనులకూ ఉన్న తేడా చూద్దాం.

సినిమాలో బొమ్మలన్నీ ముందే తీసి, కుదించి పెట్టినవే. వాటిని విప్పి తెర మీద వేయడానికి గ్రాఫిక్స్ కార్డులో ఆ ఒక్క పనికే కేటాయించిన చిన్న భాగం ఉంటుంది. మిగతా కార్డుకు పెద్దగా పని ఉండదు. ఆటలో అలా కాదు. అక్కడ బొమ్మ ముందుగా తయారై ఉండదు. నువ్వు మౌస్ ఎటు తిప్పుతావో కంప్యూటర్‌కు తెలియదు కదా! నువ్వు తిప్పాకే ఆ వైపున్న గోడలు, చెట్లు, నీడలు అన్నీ లెక్కగట్టి గీయాలి. అదీ సెకనుకు 60 సార్లు, కొన్ని తెరల మీద 144 సార్లు. అందుకే కార్డులో ఉన్న వేల కొద్దీ కోర్లు (లెక్కలు చేసే చిన్న చిన్న విభాగాలు) ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి. సినిమా నడిచేటప్పుడు కొద్దిపాటి వాట్లతో సరిపెట్టుకునే ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, పెద్ద ఆట మొదలయ్యాక 170 వాట్ల దాకా లాగుతుంది. 3080 అయితే 320 వాట్లు. లోపలికి వెళ్లిన కరెంటంతా చివరకు వేడిగానే బయటికి రావాలి కాబట్టి, వేడి కూడా అదే లెక్కన పెరుగుతుంది.

ఊళ్లో చదును రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరిగిన స్కూటరు తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు మొరాయించిందనుకో, ఆ లోపం కొండ తెచ్చిపెట్టింది కాదు, ముందునుంచీ ఇంజనులో ఉన్నదే. ఆటా అంతే. ఎక్కడో ఉన్న బలహీనతను బయటపెడుతుంది. దీనికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది. 2021 జులైలో అమెజాన్ వారి ‘న్యూ వరల్డ్’ అనే ఆటను విడుదలకు ముందు కొందరికి ఆడటానికి ఇచ్చారు. అప్పుడు కొందరి దగ్గర ఆర్‌టీఎక్స్ 3090 అనే ఖరీదైన కార్డులు ఆట మధ్యలోనే చచ్చిపోయాయి. ఆటే చంపేసిందని అందరూ అనుకున్నారు. ఆ కార్డుల్లో చాలావాటిని తయారుచేసిన ఈవీజీఏ కంపెనీ పరీక్షించి చూస్తే, కొన్ని కార్డుల్లో టంకం సరిగా పడలేదని తేలింది. కంపెనీ వాటికి బదులు కొత్తవి ఇచ్చింది. కాబట్టి నాన్నగారికి కంగారు అక్కర్లేదని చెప్పు. గాలి ఆడేచోట, తగిన కరెంటుతో నడిచే మంచి కంప్యూటర్ ఆటల వల్ల పాడవదు.

ఇప్పుడు రెండో సంగతి. ‘ఆగిపోతోంది’ అని రాశావు గానీ ఎలా ఆగుతోందో రాయలేదు. ఏ భాగాన్ని అనుమానించాలో మనకు చెప్పేది ఆ ఆగే తీరే. ఆట ఒక్కటే మూతపడి డెస్క్‌టాప్ కనిపిస్తోందా? తెర నీలంగా మారి ఏవో అక్షరాలు వస్తున్నాయా? బొమ్మ కదలకుండా నిలిచిపోయి, శబ్దం ఒకే చోట గీపెడుతోందా? లేక ఎవరో ప్లగ్గు పీకేసినట్టు ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఒక్కసారిగా ఆరిపోతున్నాయా? ఈసారి ఆగినప్పుడు కోపం పక్కనపెట్టి ఆ క్షణాన్ని జాగ్రత్తగా చూడు. అన్ని ఆటలకూ ఆగుతోందా, ఒక్క ఆటకేనా అన్నది కూడా చూడు. ఒక్క ఆటకే అయితే దాని ఫైళ్లలో ఏదో చెడి ఉండవచ్చు. ఆటలు కొనుక్కునే స్టీమ్‌లో ఫైళ్లను సరిచూసే ఏర్పాటు ఉంది, అది నడిపితే చాలాసార్లు సరిపోతుంది. అన్ని ఆటలకూ ఆగుతుంటే మాత్రం లోపలికి చూడాల్సిందే.

ప్లగ్గు పీకినట్టు ఆరిపోతే మొదటి అనుమానం కరెంటు దారి మీద. మన ఇళ్లలో ఈ దారి గోడ దగ్గర మొదలై, యూపీఎస్ గుండా, కేబినెట్ లోపలి ఎస్‌ఎంపీఎస్ (గోడలోని కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చిచ్చే పెట్టె) దాకా వెళుతుంది. చాలామంది యూపీఎస్‌ను అనుమానించరు. మీ యూపీఎస్ వెనక 600 వీఏ అని ఉంటే, అది మోయగలిగే బరువు సాధారణంగా 360 వాట్లే. పాఠాలు వినేటప్పుడు కంప్యూటర్, మానిటర్ కలిసి అందులో సగం కూడా వాడవు. అందుకే కరెంటు పోయినా యూపీఎస్ కాస్సేపు నిలబెడుతుంది. ఆట నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు 170, ప్రాసెసర్‌కు వంద, మానిటర్‌కు, మిగతావాటికి ఇంకొంత కలిపితే ఆ హద్దు దగ్గరికి వచ్చేస్తాం. సరిగ్గా అప్పుడే పక్కగదిలో ఏసీ మోటారు మొదలై ఓల్టేజీ ఒక్క క్షణం పడిపోయిందనుకో. యూపీఎస్ బ్యాటరీ మీదికి మారుతుంది, అంత బరువు మోయలేక చేతులెత్తేస్తుంది. ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి కరెంటు సంగతి ఎవరికీ తట్టదు. దీన్ని తేల్చుకోవడం తేలికే. యూపీఎస్‌ను తప్పించి, ఎర్తింగ్ సరిగా ఉన్న గోడ సాకెట్‌కు కంప్యూటర్‌ను నేరుగా పెట్టి ఒక పూట ఆడి చూడు. ఆగకపోతే దొంగ దొరికినట్టే.

అప్పటికీ ఆరిపోతుంటే ఎస్‌ఎంపీఎస్ వంతు. దాని పక్కన ఒక చీటీ అంటించి ఉంటుంది, టార్చి వేసి చదువు. పైన పెద్ద అక్షరాలతో 500 వాట్లని ఉన్నా, ‘12వీ’ అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడాలి. గ్రాఫిక్స్ కార్డుకూ ప్రాసెసర్‌కూ కరెంటు వెళ్లేది ఆ దారిలోనే. ఆ అంకెను 12తో గుణిస్తే నిజంగా అందే వాట్లు వస్తాయి. 30 ఆంపియర్లుంటే 360 వాట్లన్నమాట. కేబినెట్‌తో పాటు చవగ్గా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లలో పైనున్న అంకెకూ ఈ లెక్కకూ చాలా తేడా ఉంటుంది. ఇంకో ఇబ్బందేమిటంటే, గ్రాఫిక్స్ కార్డు కరెంటును ఒకే తీరున తాగదు. తెర మీద పెద్ద పేలుడు జరిగితే, కన్ను మూసి తెరిచేలోపు దాని వాడకం ఎగిసిపడి మళ్లీ దిగుతుంది. ఆ క్షణాన్ని తట్టుకోలేని ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం చేసిన పెద్ద సామర్థ్యం గలవైతే, సెకనులో పదివేలో వంతు సేపు తమ సామర్థ్యానికి రెట్టింపు లాగినా ఓర్చుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ అనుమానం వస్తే మరొకటి తెచ్చి పెట్టి చూడాలే గానీ, ఆ పెట్టె మూత నువ్వు ఎప్పుడూ తీయకు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.

ఇక వేడి. వేడి వల్ల ఆగేటప్పుడు చాలావరకు ముందే హెచ్చరిక ఉంటుంది. ఫ్యాన్ల హోరు పెరుగుతుంది, ఆట నత్తనడక నడుస్తుంది, ఆ తర్వాతే ఆగుతుంది. ఎందుకంటే ప్రాసెసర్ తన వేడిని తానే కొలుచుకుంటూ ఉంటుంది. ఇంటెల్ వారివి ఎక్కువగా 100 డిగ్రీలు, రైజెన్ 7000 వరసవి 95 డిగ్రీలు హద్దుగా పెట్టుకుంటాయి. ఆ హద్దు తగిలితే ముందు వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ చల్లబడకపోతే కాలిపోకుండా ఉండటానికి మొత్తం ఆపేస్తాయి. మొదలుపెట్టగానే కాక ఇరవై నిమిషాలకు ఆగుతోందన్నావు చూడు, అది వేడి వైపు చూపించే గుర్తు. లోహం, గాలి నెమ్మదిగా కాగడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

ఈ వేడి బయటపడే దారిలో ఏ మెట్టు చెడినా ఫలితం ఒకటే. చిప్పు మీద పుట్టిన వేడి థర్మల్ పేస్ట్ (చిప్పుకూ హీట్‌సింకుకూ మధ్య రాసే లేపనం) గుండా లోహపు రేకులున్న హీట్‌సింకుకు, అక్కణ్నుంచి ఫ్యాను గాలికి, ఆ గాలితో గదిలోకి పోవాలి. పేస్ట్ ఏళ్లకేళ్లు గడిచి ఎండిపోతే మొదటి మెట్టు చెడినట్టు. హీట్‌సింకు రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే రెండోది. కేబినెట్‌ను టేబులు కింద చెక్క అరలోకి దూర్చితే మూడోది. గది కూడా లెక్కలోకి వస్తుంది. జనవరిలో 26 డిగ్రీలున్న గది మే నెలలో 40కి చేరితే, లోపలి భాగాల వేడి కూడా దాదాపు ఆ 14 డిగ్రీలూ పెరుగుతుంది. చలికాలంలో చక్కగా నడిచి విజయవాడ ఎండల్లోనో రామగుండం ఎండల్లోనో ఆగిపోయే కంప్యూటర్లలో ఏ భాగమూ కొత్తగా చెడి ఉండనక్కర్లేదు.

పరీక్ష సులువే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకుని, వేడి అంకెలు ఫైల్లో నమోదయ్యేలా చేసి ఆడు. ఆగాక మళ్లీ ఆన్ చేసి చివరి అంకెలు చూడు. అవి హద్దు దగ్గరుంటే కేబినెట్ పక్కమూత తీసి, టేబుల్ ఫ్యాను అటు తిప్పి మళ్లీ ఆడు. ఇప్పుడు ఆగకపోతే కారణం వేడే. దుమ్ము దులిపేటప్పుడు కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, బ్లోయర్ పట్టేముందు ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా ఆపు. గాలికి అది తన మామూలు వేగం దాటి తిరిగితే బేరింగులు చెడతాయి.

అంకెలు చల్లగానే ఉన్నాయి, కరెంటూ బాగుంది, అయినా ఆట మూతపడి డెస్క్‌టాప్ వస్తోందంటే డ్రైవర్ (విండోస్ మాటను గ్రాఫిక్స్ కార్డుకు చేరవేసే ప్రోగ్రాం) సంగతి చూడాలి. కార్డుకు పని చెప్పాక విండోస్ మామూలుగా 2 సెకన్లు ఎదురుచూస్తుంది. జవాబు రాకపోతే కార్డు పడిపోయిందనుకుని డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. తెర ఒక్క క్షణం నల్లబడేది అప్పుడే. పాత డ్రైవర్‌ను డీడీయూ అనే ప్రోగ్రాంతో పూర్తిగా తుడిచి కొత్తది వేస్తే చాలాసార్లు నయమవుతుంది. కార్డు వేగాన్ని నువ్వు గానీ, దుకాణం వాళ్లు గానీ పెంచి ఉంటే మాత్రం ముందు మామూలు వేగానికి దించాలి.

నీలం తెరలు, అదీ ఒక్కోసారి ఒక్కో పేరుతో వస్తుంటే ర్యామ్‌ను (పని జరిగేంతసేపు కంప్యూటర్ సమాచారం దాచుకునే చోటు) అనుమానించు. ర్యామ్ పెట్టె మీద రాసిన పెద్ద వేగం చాలావాటిలో ఎక్స్‌ఎంపీ అనే ఏర్పాటును బయోస్‌లో (విండోస్ కన్నా ముందు మొదలయ్యే, బోర్డులోని ప్రోగ్రాం) తెరిస్తేనే వస్తుంది. అది అన్ని బోర్డుల మీదా నిలకడగా నడుస్తుందన్న పూచీ లేదు. దాన్ని మూసి ఆడి చూడు. తర్వాత మెమ్‌టెస్ట్86తో రాత్రంతా పరీక్షించు. అందులో ఒక్క తప్పు వచ్చినా తప్పే. అప్పుడు ఒక్కో ర్యామ్ పట్టీని విడిగా పెట్టి చూస్తే చెడ్డది దొరుకుతుంది.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే చిట్టా ఉంది. అందులో ‘కెర్నల్ పవర్ 41’ అని చూసి వెంటనే ఎస్‌ఎంపీఎస్ కొనేవాళ్లు ఎందరో. ఆ మాటకు అర్థం ఒక్కటే, కంప్యూటర్ సవ్యంగా మూసుకోకుండా ఆగిపోయిందని. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

తెర మీద వచ్చే మాట అంతకన్నా దూరం దారి తప్పించిన సందర్భం ఒకటుంది. ఇంటెల్ 13వ, 14వ తరం ప్రాసెసర్లున్న కొందరికి, ఐ9 ఉన్నవారికి మరీ ఎక్కువగా, ఆట మొదలవుతుండగానే ‘వీడియో మెమరీ చాలలేదు’ అని వచ్చి మూతపడేది. జనం గ్రాఫిక్స్ కార్డులు మార్చుకున్నారు. మార్చినా అదే మాట. ఆట తెరుచుకునేటప్పుడు కుదించిన సమాచారాన్ని విప్పే పని ప్రాసెసర్‌ది. ఆ లెక్కలో ఒక్క తప్పు దొర్లితే ఆట తికమకపడి, ఆ నెపాన్ని వీడియో మెమరీ మీద వేసేది. తేలిందేమిటంటే ఆ ప్రాసెసర్లు అవసరానికి మించిన ఓల్టేజీ అడిగి తీసుకుంటూ క్రమంగా అరిగిపోతున్నాయి. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ నడకను దిద్దే సవరణ) ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. మీ ఇంట్లో ఆ తరాల ఐ7 గానీ ఐ9 గానీ ఉంటే, బోర్డు కంపెనీ ఇచ్చే తాజా బయోస్ తప్పక వేయించు. ఆ సవరణ ఇకముందు అరుగుదలను ఆపడానికే. ఇప్పటికే అరిగిన చిప్పు దానితో బాగుపడదు, దాన్ని మార్పించుకోవాల్సిందే. అందుకు కొన్న బిల్లు కావాలి.

ఏ పరీక్ష చేసినా ఒకసారి ఒక్కటే మార్చు. డ్రైవర్ వేసి, దుమ్ము దులిపి, ర్యామ్ వేగం దించి, అన్నీ ఒకే ఆదివారం చేసేస్తే ఏది నయం చేసిందో తెలియదు. నెల తిరక్కుండా మళ్లీ ఆగితే మొదటికే వస్తాం. మార్చిన ప్రతిసారీ తేదీ, ఏం మార్చావు, తర్వాత ఎంతసేపు ఆడింది, ఎలా ఆగింది అన్నవి పుస్తకంలో రాసుకో. విండోస్ మళ్లీ వేయించడం అన్నిటికన్నా చివర. దుకాణంలో చాలామంది మొదట చెప్పేది అదే, కానీ వేడికీ, చాలని కరెంటుకూ దానితో పని జరగదు.

చివరకు దుకాణానికే తీసుకెళ్లాల్సి వస్తే ఆ పుస్తకమూ, బిల్లూ వెంట పట్టుకెళ్లు. అక్కడ ఆన్ చేసి, డెస్క్‌టాప్ చూపించి ‘బాగానే ఉంది కదా’ అంటారు. ఉంటుంది మరి, అది ఇంట్లోనూ బాగానే ఉండేది. మీ ఇంట్లో ఆగిన అదే ఆటను పక్కమూత బిగించి, నీ ఎదుట అరగంటకు పైగా నడిపి చూపించమని అడుగు.