మూడు లక్షల వీడియో గేముల చిట్టా

తొంభైల్లో టీవీకి తగిలించుకుని ఆడిన వీడియో గేమ్ మీకు గుర్తుండే ఉంటుంది. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని పెద్ద అక్షరాలతో ఉండేది. పెట్టి చూస్తే పేర్ల పట్టిక పేజీల కొద్దీ సాగేది కానీ, ఆడుతూ పోతే అవే పది ఇరవై ఆటలు మళ్లీ మళ్లీ ఎదురయ్యేవి. మారియో మొదటి మెట్టు నుంచి మొదలైతే ఒక పేరు, నాలుగో మెట్టు నుంచి మొదలైతే ఇంకో పేరు. ఆ క్యాసెట్‌లో నిజంగా ఎన్ని ఆటలున్నాయి, వాటి అసలు పేర్లేమిటి, ఎవరు తయారు చేశారు? ఈ ప్రశ్నలను ప్రపంచంలోని వీడియో గేములన్నిటి గురించీ అడిగి, జవాబులు రాసిపెడుతున్న చోటు ఒకటుంది. దాని పేరు మోబీగేమ్స్.

1999 మార్చి 1న అమెరికాలో జిమ్ లెనార్డ్, బ్రయాన్ హర్ట్ దీన్ని మొదలుపెట్టారు. తర్వాత డేవిడ్ బర్క్ కలిశారు. ఇది ఒక డేటాబేస్, అంటే అడిగిన వెంటనే తీసి ఇచ్చేలా గళ్లు గళ్లుగా పేర్చిన సమాచారం. తొలి రెండేళ్లు కంప్యూటర్‌లో ఆడే గేములకే చోటిచ్చారు. టీవీకి తగిలించే యంత్రాల వంతు ఆ తర్వాత వచ్చింది. రాసేవాళ్లు జీతగాళ్లు కారు. గేములంటే ఇష్టమున్న మామూలు మనుషులు.

2022లో ఈ సైట్ చేతులు మారేనాటికి అందులో 3 లక్షలకు పైగా గేములు నమోదయ్యాయి. అదెంత పెద్ద సంఖ్యో ఇలా చూద్దాం. ఒక్కో గేమ్‌ను ఒక్క గంట మాత్రమే ఆడుతూ, రోజుకు 8 గంటల చొప్పున, పండగ సెలవులు కూడా లేకుండా కూర్చుంటే 37,500 రోజులు పడుతుంది. అంటే 102 ఏళ్లు దాటుతుంది. నమోదు చేసినవాళ్ల వైపు నుంచి లెక్కేస్తే, 23 ఏళ్ల పాటు సగటున రోజుకు 36 గేములు చేరుతూ వచ్చాయి.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. ఈ 3 లక్షలు మన 9999 క్యాసెట్ లెక్క లాంటివి కావు కదా? అనుమానం సరైనదే. ఇలాంటి సైట్ నడిపేవాళ్లు మొట్టమొదట తేల్చుకోవాల్సిన సంగతి కూడా అదే. 1987లో జపాన్‌లో 'రాక్‌మ్యాన్' పేరుతో వచ్చిన గేమ్ అమెరికాలో 'మెగా మ్యాన్' అయింది. పేర్లు రెండైనా గేమ్ ఒకటే. అదే గేమ్ నాలుగు రకాల యంత్రాల మీద విడుదలైతే నాలుగుగా లెక్కించాలా? మోబీగేమ్స్‌లో ఇది రేషన్ కార్డు పద్ధతిలో నడుస్తుంది. కుటుంబానికి ఒక కార్డు, సభ్యుల పేర్లు అందులోనే. గేమ్‌కు ఒక పేజీ ఉంటే, వేర్వేరు యంత్రాలు, వేర్వేరు దేశాల పేర్లు, విడుదల తేదీలు దాని కింద వరసగా వస్తాయి. యంత్రానికో పేజీ పెట్టే సైట్లూ ఉన్నాయి. అందుకే రెండు సైట్ల మొత్తాలను పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని తేల్చడం కుదరదు. ముందు దేన్ని 'ఒకటి' అంటున్నారో అడగాలి.

ఎవరు పడితే వాళ్లు రాయొచ్చంటే, రాసింది నమ్మడమెలా? వికీపీడియాలో సాధారణంగా మీరు రాసిన వాక్యం వెంటనే కనబడుతుంది, తప్పుంటే తర్వాత ఎవరో దిద్దుతారు. మోబీగేమ్స్‌లో అలా కాదు. మీరు పంపింది ముందు ఒక పరిశీలకుడి దగ్గరకు వెళుతుంది. ఆయన లేదా ఆమె కూడా వాలంటీరే, కాకపోతే అనుభవం గడించిన వ్యక్తి. ఆధారం సరిపోలేదనుకుంటే వెనక్కి పంపి అడుగుతారు. సరిపోతేనే అది అందరికీ కనబడుతుంది. ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఈ ఆలస్యం అవసరమని నా నమ్మకం. ఎందుకో మారియోనే చెబుతాడు.

'సూపర్ మారియో బ్రదర్స్' జపాన్‌లో 1985 సెప్టెంబర్ 13న విడుదలైంది. ఇందులో తగాదా లేదు. మరి అమెరికాలో? కోట్ల ఇళ్లలో ఆడిన గేమ్, పైగా వెనకాల నింటెండో అంతటి కంపెనీ. అయినా తేదీ తేలలేదు. 1985 అక్టోబర్‌లో న్యూయార్క్ దుకాణాల్లో నింటెండో యంత్రాన్ని ప్రయోగాత్మకంగా అమ్మకానికి పెట్టారు. మారియో అప్పుడే వచ్చిందని కొందరు, తర్వాతే వచ్చిందని కొందరు. 2012లో ఫ్రాంక్ సిఫాల్డీ అనే చరిత్రకారుడు ఈ ఒక్క తేదీ కోసమే ఆధారాలన్నీ తిరగేసి, రుజువు చేయలేమని రాశారు. ఆ రోజుల్లో గేములకు సినిమాల్లా 'నేడే విడుదల' ఉండేది కాదు. సరుకు గోదాముకు చేరాక, ఏ దుకాణం ఎప్పుడు తెచ్చుకుంటే అప్పుడే అక్కడ విడుదల. ఇంత పేరున్న గేమ్‌కే ఈ గతి పడితే, ఊరూపేరూ లేని గేముల సంగతి ఊహించుకోండి. అందుకే తేదీ రాసేవాళ్లను పరిశీలకుడు 'ఎక్కడ చూశారు?' అని అడుగుతాడు. ఏడాది మాత్రమే తెలిస్తే ఏడాదే రాయాలి. తెలియని రోజును ఊహించి నింపితే, అది పది చోట్లకు కాపీ అయి, చివరికి ఆ పది చోట్లనే సాక్ష్యంగా చూపించే రోజు వస్తుంది.

మరి ఇదంతా చేయడానికి ఎంతమంది కావాలి? జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2006లో ఒక మోటు లెక్క చెప్పారు. జనం కలిసి రాసే చోట్ల నూటికి 90 మంది చదివి వెళ్లిపోతారు, 9 మంది అప్పుడప్పుడు చేయి వేస్తారు, పనిలో అధిక భాగం ఆ మిగిలిన ఒక్కరిదే. వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. నీళ్ల ట్యాంకర్‌కు ఫోన్ చేసేది, లిఫ్ట్ బాగుచేయించేది, లెక్కలు రాసేది ఎప్పుడూ ఆ ఒక్క ఇంటివారే.

ఆ ఒక్కరి మీద పడే బరువు చూడండి. రోజుకు 36 గేములు అనుకున్నాం కదా. ఒక్కోదాన్ని సరిచూడటానికి పావుగంట చాలనుకున్నా 9 గంటలవుతుంది. అంటే ఆదివారాలు కూడా లేని పూర్తికాలపు ఉద్యోగం. తెరబొమ్మలు, అట్టల ఫొటోలు, దిద్దుబాట్లు ఇందులో కలపలేదు. ఇంకోపక్క కొత్త నీరు వచ్చి పడుతూనే ఉంది. స్టీమ్ అనే ఒక్క ఆన్‌లైన్ దుకాణంలోనే 2024లో 18 వేలకు పైగా గేములు విడుదలయ్యాయి. రోజుకు దాదాపు 50. ఒక్కోదాని వివరాలు రాయడానికి గంట వేసుకుంటే, ఆ దుకాణం కోసమే ఆరుగురు రోజంతా కూర్చోవాలి.

దాచుకునే చోటుకే బోలెడు ఖర్చవుతుందేమో అంటారా? గేమ్‌కు పది బొమ్మలు, బొమ్మకు 100 కిలోబైట్లు వేసుకున్నా 3 లక్షల గేములకు 300 గిగాబైట్లు. జేబులో పట్టే హార్డ్ డిస్క్‌లో సగం కూడా నిండదు. యంత్రాలు దొరుకుతాయి. ఓపికగా సరిచూసే మనిషి దొరకడమే కష్టం.

ఈ మాటకు సాక్ష్యం మోబీగేమ్స్ చరిత్రలోనే ఉంది. 2010లో దాన్ని గేమ్‌ఫ్లై అనే కంపెనీ కొన్నది. 2013లో రూపం మొత్తం మార్చేశారు. అది నచ్చక ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు చాలామంది పక్కకు తప్పుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో జెరిమయా ఫ్రేహోల్ట్స్ కొని, పాత రూపాన్ని తిరిగి తెచ్చారు. 2022 మార్చిలో అటారీ అనే వీడియో గేముల సంస్థ 15 లక్షల డాలర్లకు, అంటే అప్పటి రేటు ప్రకారం సుమారు 11 కోట్ల రూపాయలకు తీసుకుని, నడిపే పని ఆయనకే ఉంచింది. 11 కోట్లను 3 లక్షలతో భాగిస్తే గేముకు 400 రూపాయల లోపే. ఆ పేజీలు రాసిన వాలంటీర్ల కూలి ఈ ధరలో ఎక్కడా లేదు.

మనం ఉచితంగా రాసింది ఎవరో అమ్ముకుంటారా అన్న భయం ఉత్తుత్తిది కాదు. సంగీతం సీడీల వివరాలను జనం చేత రాయించుకున్న సీడీడీబీ తర్వాత గ్రేస్‌నోట్ అనే వ్యాపార సంస్థ అయింది. 2008లో సోనీ దాన్ని దాదాపు 26 కోట్ల డాలర్లకు కొన్నది. సీడీడీబీ ఇలా వ్యాపారంగా మారడం మింగుడుపడనివాళ్లు, సోనీ రాకకు ముందే, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే స్వేచ్ఛా డేటాబేస్ కట్టుకున్నారు. కాబట్టి ఎక్కడైనా రాసేముందు, రాసిన సమాచారం మీద హక్కు ఎవరిదో నిబంధనల్లో చదవండి. పది నిమిషాల పని.

ఇంత కష్టం దేనికన్నది చివరి సందేహం. 2023లో అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక లెక్క తీసింది. 2010కి ముందు అక్కడ విడుదలైన గేముల్లో ఇప్పుడు మార్కెట్లో కొనగలిగేవి 13 శాతమే. మీ బీరువాలోని వంద పుస్తకాల్లో 87 మళ్లీ ఏ దుకాణంలోనూ దొరకవని తెలిస్తే ఎలా ఉంటుంది? గేమ్ పోయినా కనీసం దాని పేరు, తయారు చేసినవాళ్ల పేర్లు మిగలాలి.

ఆ తయారీదారుల పేర్లను క్రెడిట్స్ అంటారు, మన సినిమా టైటిల్స్ లాంటివి. ఒకప్పుడు అవి అడిగినా దక్కేవి కావు. అటారీ తన ప్రోగ్రామర్ల పేర్లు వేయకపోవడంతో వారన్ రాబినెట్ 1980లో వచ్చిన 'అడ్వెంచర్' గేమ్‌లో ఒక రహస్య గది కట్టి, అందులో తన పేరు దాచారు. డేవిడ్ క్రేన్‌తో సహా నలుగురు ప్రోగ్రామర్లు అటారీని వదిలి వచ్చి, 1979లో యాక్టివిజన్ అనే సొంత గేముల సంస్థ మొదలుపెట్టడానికి ఒక కారణం కూడా పేరు దక్కకపోవడమే. ఈరోజు హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద సంస్థల్లో మన పిల్లలు పనిచేస్తున్నారు కనుక ఈ సంగతి మనకూ దూరం కాదు. పైగా మన పేర్లతో ఒక చిక్కుంది. ఇంటిపేరు ఒక గేమ్‌లో ముందు, ఇంకో గేమ్‌లో వెనక, మరోదాంట్లో ఒట్టి పొడి అక్షరం. డేటాబేస్‌కు వాళ్లు ముగ్గురు మనుషులు. ముగ్గురూ ఒకరేనని తెలిసినవాళ్లు చెబితే తప్ప కలవరు.

మీకు చేయి వేయాలనిపిస్తే పాత సీడీలున్న అట్టపెట్టె దించండి. ఒక గేమ్ తీసుకుని, అది ఇప్పటికే నమోదైందో లేదో అన్ని పేర్లతో వెతకండి. నమోదై ఉంటే ఏ గడి ఖాళీగా ఉందో చూడండి. అట్ట ముందూ వెనకా వెలుతురులో ఫొటో తీయండి. గేమ్ పూర్తయ్యాక పైకి జరిగే పేర్లను ఆపి ఆపి, స్పెల్లింగ్ ఎలా ఉంటే అలాగే రాసుకోండి. తప్పనిపించినా దిద్దొద్దు, ఆ సంగతి పక్కన విడిగా రాయండి. ఆ పేరు ఎక్కడ చూశారని పరిశీలకుడు అడిగినప్పుడు చూపించడానికి ఆ తెర ఫొటో మీ దగ్గర ఉంచుకోండి.