నలుపు – మన చూపు



విజయవాడ ఆటోనగరమున సిద్ధమైన క్రొత్త లారీకి దిష్టిబొమ్మను గట్టుటయో, వ్రాయించుటయో కద్దు. ఆ బొమ్మకు తఱచుగా నల్లని మొగము, తెల్లని కోరలు, ఎఱ్ఱని నాలుక. భయపెట్టుటకు నలుపే తగినదని చిత్రకారునకు వేఱుగ జెప్ప బనిలేదు.

నలుపన్న ఈ వెఱపు మన పూర్వుల సొత్తు కాదు. మన నది పేరు కృష్ణ, నల్లనిదని యర్థము. భారతకర్త కృష్ణద్వైపాయనుడు. ద్రౌపదియు కృష్ణయే. మనలను బోషించునది నల్లరేగడి. ఐనను పటములందును సినిమా తెరమీదను ఆ నల్లనయ్యకు నీలపురంగు పూయుచున్నాము. పెండ్లి సంబంధమనగానే పిల్ల రంగడుగుచున్నాము. 1975లో మన దేశమున వెలువడిన ఫెయిర్ అండ్ లవ్లీ యను లేపనము తెలుపే భాగ్యమని ప్రకటనలలో దశాబ్దములు చాటెను. అమెరికాలో నల్లవారి నిరసనోద్యమము చెలరేగిన 2020లో దాని పేరు మార్చిరి.

దీనివలన నష్టమేమందురా? రంగును జూచి వెఱచుట నేర్చిన కంటికి ఆ రంగుగల మనుష్యుని ఘనత కానరాదు. నీరిచ్చిన కాటన్ దొరను డెల్టాలో పిల్లలును ఎఱుగుదురు. మాలిక్ అంబరు నెందఱెఱుగుదురు? ఆయన ఇథియోపియాలో బుట్టి, బానిసగా అమ్ముడువోయి, దక్కనుకు జేరెను. అహమదునగర రాజ్యమునకు ప్రధానియై మొగలు సేనల నెదిరించెను. భూములు కొలిపించి శిస్తు నిర్ణయించెను. పిమ్మట ఔరంగాబాదుగా మాఱిన ఖడ్కీ నగరమును 1610లో నెలకొల్పి, భూగర్భమున కాలువలు నడపి నీరు దెచ్చెను. 1626లో మరణించెను.

అంత దూరమేల? హైదరాబాదులో ఏ.సి. గార్డ్సు అను పేట గలదు. నిజాము కొలువున నుండిన ఆఫ్రికా అశ్వదళమునుండి దానికి ఆ పేరు వచ్చినది. 1948లో సంస్థానము భారతదేశమున గలిసిన పిమ్మట ఆ దళము రద్దయ్యెను. ఆ సైనికుల సంతతివారైన సిద్దీలు నేటికిని అచ్చట నివసించుచున్నారు. పెండ్లిండ్లలో వారి మర్ఫా వాద్యము మ్రోగినంతనే కాళ్లు కదలును. వాయించువాని వంశకథ నడుగువారు మాత్రము అరుదు.

రేడియోలో మాటాడువాని రంగు మీకు గనబడదు. మాటనే తూచి మేలు కీడు నిర్ణయింతురు. పెండ్లిచూపులయందును ఆ త్రాసునే వాడుడు. మనుమలకు కాలువల కథ చెప్పునపుడు కాటన్ దొర సరసన అంబరునుగూడ నిలుపుడు. మీరు చూపినదే వారు చూతురు.