ప్రైవేటు అడవుల సంరక్షణకు ప్రభుత్వ చెల్లింపులు: కోస్టారికా అనుభవం

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• సొంత భూమిలోని అడవిని కాపాడే యజమానికి ప్రభుత్వం డబ్బు ఎందుకు చెల్లిస్తుందో వివరించగలుగుతారు.
• కోస్టారికా పథకంలో నిధులు ఎలా సమకూరుతాయో, రైతుకు ఎలా అందుతాయో తెలపగలుగుతారు.
• ఇటువంటి పథకం ఫలించిందా లేదా అని నిర్ణయించడానికి ఏ ప్రశ్న వేయాలో గుర్తించగలుగుతారు.

1.1 పరిచయం

అడవి అనగానే మనకు అటవీశాఖ గుర్తుకువస్తుంది. మన దేశంలో అడవులు అత్యధికంగా ప్రభుత్వ ఆధీనంలో ఉండటమే ఇందుకు కారణం. అందువల్ల ‘ప్రైవేటు అడవి’ అనే మాట మీకు కొంత వింతగా తోచవచ్చు. కాని చాలా దేశాల్లో అడవులు రైతుల, కుటుంబాల, కంపెనీల సొంత భూముల్లో ఉన్నాయి. పొలానికి పట్టా ఉన్నట్టే అక్కడ అడవికీ పట్టా ఉంటుంది.

ఒక కొండవాలు మీద ఒక రైతుకు 20 హెక్టార్ల అడవి ఉందనుకోండి. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఆ అడవి వల్ల నేలకోత తగ్గుతుంది. దిగువ పట్టణానికి తేటనీరు చేరుతుంది. జలవిద్యుత్ కేంద్రం జలాశయంలో పూడిక తగ్గుతుంది. గాలిలోని కార్బన్ చెట్లలో నిలవ ఉంటుంది. ఇన్ని లాభాల్లో ఏ ఒక్కదానికీ రైతుకు పైసా రాదు. అదే అడవిని కొట్టి పశువులను మేపితే ఏటా ఎంతో కొంత చేతికి వస్తుంది. లాభం పదిమందిది, నష్టం ఒక్కడిది.

రైతుకు ధర దక్కకుండా ఇతరులకు చేరే ఈ మేలును అర్థశాస్త్రంలో ‘బాహ్య ప్రయోజనం’ అంటారు. అడవిని ఉంచుకున్నందువల్ల రైతు వదులుకునే ఆదాయాన్ని ‘అవకాశ వ్యయం’ అంటారు. ఈ భాగంలోని విషయమంతా ఈ రెండు భావనల మధ్య నడుస్తుంది. కాబట్టి వీటిని బాగా గుర్తుంచుకోండి.

1.2 నేపథ్యం

కోస్టారికా మధ్య అమెరికాలోని చిన్న దేశం. విస్తీర్ణం సుమారు 51,100 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో సగం కన్నా తక్కువ. 1940లలో ఆ దేశంలో సుమారు 75 శాతం భూమి అడవే. 1980ల నాటికి అది దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. కాఫీ, అరటి తోటలు ఇందుకు కొంత కారణం. అంతకంటే పెద్ద కారణం పశువుల మేతభూములు. అమెరికాకు గొడ్డుమాంసం ఎగుమతి లాభసాటిగా ఉండటం, పశుపోషణకు బ్యాంకులు చౌకగా అప్పులివ్వడం వల్ల రైతులు అడవిని కొట్టి గడ్డి పెంచారు. పైగా, అడవిని కొట్టడాన్ని భూమిని ‘అభివృద్ధి చేయడం’గా చూసే రోజులవి. అలా చేసినవారికే ఆ భూమిపై హక్కు పొందడం సులువయ్యేది.

ప్రభుత్వం మొదట పన్నుల మార్గం పట్టింది. 1979 నుంచి చెట్లు పెంచేవారికి ఆదాయపు పన్నులో రాయితీ ఇచ్చింది. అయితే ఆదాయపు పన్ను కట్టేది పెద్ద భూస్వాములూ, కంపెనీలూ. పన్నే కట్టని చిన్న రైతుకు పన్ను రాయితీ వల్ల ఒరిగేదేముంది? 1986లో దీన్ని సవరించి, చెట్లు నాటినవారికి బదిలీ చేసుకోగల ధ్రువపత్రాలు ఇవ్వసాగారు. అయినా ఈ సాయం ప్రధానంగా మొక్కలు నాటేవారికే దక్కింది. ఉన్న అడవిని కాపాడుకునేవారు చాలాకాలం పక్కనే ఉండిపోయారు.

1.3 1996 నాటి అటవీ చట్టం

1996లో వచ్చిన 7575వ నంబరు అటవీ చట్టం రెండు పనులు చేసింది. మొదటిది, అడవి ఉన్న భూమిని సాగుకో, మేతకో మార్చడాన్ని నిషేధించింది. రెండవది, అడవి అందించే నాలుగు సేవలను చట్టబద్ధంగా గుర్తించింది. అవి:

(అ) హరితగృహ వాయువులను తగ్గించడం
(ఆ) నీటి వనరుల రక్షణ
(ఇ) జీవవైవిధ్య రక్షణ
(ఈ) ప్రకృతి సౌందర్యం

ఈ సేవలకు ప్రతిఫలం చెల్లించే బాధ్యతను జాతీయ అటవీ ఆర్థిక సహాయ నిధికి అప్పగించారు. స్పానిష్ పేరులోని పొడి అక్షరాలతో దీన్ని ‘ఫొనాఫిఫో’ అంటారు. 1997లో చెల్లింపులు మొదలయ్యాయి.

ఇక్కడ మాట మారడాన్ని గమనించండి. అంతకుముందు ఇచ్చింది రాయితీ. ఇప్పుడు ఇచ్చేది సేవకు ధర. ప్రభుత్వం రైతుకు దానం చేయడం లేదు, ప్రజల తరఫున అతని దగ్గర ఒక సేవను కొంటున్నది.

ఈ పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: “అడవిని తొలగించడం నేరమైనప్పుడు, తొలగించనందుకు డబ్బెందుకండీ?” సరైన ప్రశ్నే. దీనికి రెండు సమాధానాలు చెప్పవచ్చు. ఒకటి న్యాయానికి సంబంధించినది. నిషేధం వల్ల దేశమంతా లాభపడుతుంటే, దాని భారమంతా భూయజమాని మీదే వేయడం సబబు కాదు. రెండవది ఆచరణకు సంబంధించినది. మారుమూల కొండల్లో ప్రతి చెట్టు దగ్గరా కాపలా పెట్టలేము. ప్రతిఫలం అందుతున్న రైతు ఆ చట్టాన్ని తనదిగా భావించే అవకాశం ఎక్కువ. నిషేధం, చెల్లింపు ఒకదానికొకటి ఆసరా.

1.4 నిధులు ఎక్కడి నుంచి?

ప్రధాన వనరు ఇంధన పన్ను. 2001లో చేసిన పన్నుల చట్టం ప్రకారం ఇంధనంపై వసూలయ్యే పన్నులో 3.5 శాతం ఈ పథకానికి చేరుతుంది. వాహనాల పొగ వల్ల వాతావరణానికి నష్టం. ఆ పొగకు కారణమైన పెట్రోలు కొనేవారి నుంచే అడవికి డబ్బు. ఈ తర్కం ప్రజలకు సులభంగా అర్థమైంది.

రెండవ వనరు నీరు. 2006 నుంచి నీటి వాడకంపై వసూలుచేసే రుసుములో నాలుగో వంతు ఈ నిధికి కేటాయించారు. కొన్ని జలవిద్యుత్ సంస్థలు తమ పరివాహక ప్రాంతంలోని అడవుల కోసం స్వచ్ఛందంగా డబ్బు కట్టాయి. ఇవికాక 2000లో ప్రపంచ బ్యాంకు రుణం, ప్రపంచ పర్యావరణ నిధి గ్రాంటు కూడా తోడయ్యాయి.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. ప్రజలు పెట్రోలు మానేసి విద్యుత్ వాహనాలకు మారితే వాతావరణానికి మేలే. కాని అడవుల నిధి తరిగిపోతుంది. చెడును తగ్గించడానికి ఆ చెడుపైనే పన్ను వేసి, ఆ పన్నుమీదే బతికే ఏ పథకానికైనా ఈ ఇబ్బంది తప్పదు.

1.5 రైతుకు ఎలా అందుతుంది?

అడవి సంరక్షణ విభాగంలో చేరడానికి కనీసం 2 హెక్టార్ల అడవి ఉండాలి. ఒక్కొక్క యజమానికి గరిష్ఠ పరిమితి 300 హెక్టార్లు; ఆదివాసీ సమాజాలకు పరిమితి ఇంకా ఎక్కువ. అర్హత ఉన్న అటవీ ఇంజనీరు చేత ప్రణాళిక రాయించుకుని దరఖాస్తు చేయాలి. ఆమోదం పొందాక ఒప్పందం కుదురుతుంది. ఆ బాధ్యత భూమి రిజిస్టరులో నమోదవుతుంది. పశువులను అడవిలోకి వదలకూడదు. వేట, కలప కోత జరగనీయకూడదు. కార్చిచ్చు వ్యాపించకుండా హద్దుల వెంట దారులు శుభ్రం చేయాలి. తన అడవి దాచే కార్బన్‌పై హక్కును యజమాని ఫొనాఫిఫోకు వదులుకోవాలి.

2000ల మధ్యకాలంలో సంరక్షణకు ఐదేళ్ల ఒప్పందం కింద హెక్టారుకు ఏడాదికి 64 డాలర్లు చెల్లించారు. పైన చెప్పుకొన్న మన రైతుకు 20 హెక్టార్లకు ఏడాదికి 1,280 డాలర్లు వస్తాయి. ఇది చాలుతుందా? జవాబు అవకాశ వ్యయంలో ఉంది. అది గడ్డి సరిగా పెరగని కొండవాలు అనుకుందాం. మేత వల్ల హెక్టారుకు 50 డాలర్లే మిగిలితే రైతుకు ఒప్పందమే మేలు. అదే చదునైన మంచి నేల అయి, అనాస తోట వేస్తే కొన్ని వందల డాలర్లు మిగిలేటట్టయితే 64 డాలర్లు అతన్ని ఆపలేవు. (మేత, అనాసల లెక్కలు కేవలం ఉదాహరణకు ఊహించినవి.)

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. 1996 చట్టం గుర్తించిన నాలుగు సేవలు ఏవి?
2. పన్ను రాయితీ చిన్న రైతుకు ఎందుకు ఉపయోగపడలేదు?

1.6 పథకం నిజంగా అడవిని కాపాడిందా?

ఈనాడు కోస్టారికాలో సగానికి పైగా భూమి మళ్లీ అడవి కింద ఉంది. దీన్ని చూసి ‘చెల్లింపులే అడవిని తిరిగి తెచ్చాయి’ అని పరీక్షలో రాయకండి. 1980లలోనే మాంసం ధరలు పడిపోయాయి. చౌక అప్పులు తగ్గాయి. చాలా మేతభూములను రైతులు వదిలేశారు. అక్కడ చెట్లు వాటంతటవే తిరిగి మొలిచాయి. చెల్లింపులు మొదలైంది ఆ తరవాత. పర్యాటకం పెరగడం, 1996 నిషేధం కూడా తమ వంతు పని చేశాయి.

అందుకే పరిశోధకులు వేసే ప్రశ్న వేరు: డబ్బు ఇవ్వకపోయి ఉంటే ఆ అడవి పోయేదా? పోయేదైతేనే ఆ డబ్బు వల్ల అదనపు ఫలితం వచ్చినట్టు. తొలి సంవత్సరాల ఒప్పందాలను పరిశీలించిన అధ్యయనాల్లో ఈ అదనపు ఫలితం చాలా స్వల్పమని తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఎలాగూ సాగుకు పనికిరాని ఏటవాలు భూముల యజమానులే ముందుగా దరఖాస్తు చేశారు. వారికి ఆ డబ్బు అనుకోకుండా వచ్చిన లాభం. అడవికి మాత్రం కొత్తగా కలిగిన రక్షణ తక్కువ.

1.7 ఎవరికి అందింది?

మరో విమర్శ న్యాయానికి సంబంధించినది. హెక్టారు లెక్కన చెల్లిస్తే ఎక్కువ భూమి ఉన్నవారికే ఎక్కువ డబ్బు వెళుతుంది. ఇంజనీరు ఫీజు, కాగితాల ఖర్చు 3 హెక్టార్ల రైతుకు మోయలేని బరువు; 300 హెక్టార్ల యజమానికి లెక్కలోనిది కాదు. సరైన పట్టా లేనివారు తొలినాళ్లలో గడప బయటే ఉండిపోయారు.

ఈ విమర్శలు వృథా కాలేదు. అనుభవంలో ఉన్న భూమికి పట్టా లేకపోయినా చేరే వీలు కల్పించారు. పొలంలో చెట్లు పెంచేవారికి చెట్టు లెక్కన చెల్లించే విభాగం తెచ్చారు. తరవాత దరఖాస్తులకు మార్కులు వేసే పద్ధతి వచ్చింది. వన్యప్రాణుల రాకపోకల మార్గాల్లోని భూములు, నీటి వనరులున్న ప్రాంతాలు, ఆదివాసీ ప్రాంతాలు, వెనుకబడిన జిల్లాలు, 50 హెక్టార్ల లోపు కమతాలు ముందు వరసలోకి వచ్చాయి. అయితే ఒక పథకం పేదరికాన్నీ తగ్గించాలి, ముప్పులో ఉన్న అడవినీ కాపాడాలి అంటే రెండు లక్ష్యాలూ ఎప్పుడూ ఒకేచోట కలవవు. పేద రైతు అడవి ముప్పులో ఉండకపోవచ్చు. ముప్పులో ఉన్న అడవి సంపన్నుడిది కావచ్చు. ఏది ముందు అనేది ప్రజలు, ప్రభుత్వం తేల్చుకోవలసిన విషయం.

1.8 సారాంశం

అడవి మేలు పదిమందికీ, దాని ఖర్చు యజమానికీ చేరడం అసలు సమస్య. కోస్టారికా ఆ మేలుకు ధర కట్టి, దాన్ని వాడుకునేవారి నుంచి వసూలు చేసి యజమానికి చేర్చే దారి చూపింది. దాని అనుభవం మరో పాఠం కూడా నేర్పింది. ఎన్ని హెక్టార్లకు డబ్బు ఇచ్చామన్నది ఖర్చు లెక్క మాత్రమే. ఆ డబ్బు లేకపోతే ఎన్ని హెక్టార్లు పోయేవన్నదే ఫలితాల లెక్క. రేపు మీరు ఏ ప్రభుత్వ పథకం నివేదిక చదివినా ఈ రెండు లెక్కలను వేరువేరుగా చూడండి.

1.9 ప్రగతి పరీక్షకు జవాబులు

1. హరితగృహ వాయువుల తగ్గింపు, నీటి వనరుల రక్షణ, జీవవైవిధ్య రక్షణ, ప్రకృతి సౌందర్యం.
2. ఆదాయపు పన్ను కట్టేవారికే రాయితీ వర్తిస్తుంది. చిన్న రైతు ఆ పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాడు కాదు.

1.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. బాహ్య ప్రయోజనం, అవకాశ వ్యయం అనే భావనలను ప్రైవేటు అడవి ఉదాహరణతో వివరించండి.
2. నిషేధం ఉన్నప్పటికీ చెల్లింపు అవసరమా? మీ అభిప్రాయాన్ని కారణాలతో సమర్థించండి.
3. కోస్టారికాలో అడవి పెరుగుదలకు చెల్లింపుల పథకం ఒక్కటే కారణమా? చర్చించండి.