ద్రాక్షతోటల నడుమ ఇల్లు

ఇండ్లు చూపి జీవించుట నా వృత్తి. అమ్మువారికిని కొనువారికిని నడుమ నిలిచి, ధర కుదిర్చి, పత్రములు సరిచూచి, తాళపుచెవులు చేతికి వచ్చువఱకు వారి వెంట నుండుట నా పని. మన దేశమున దీనిని దళారితన మందురు. ఆ మాటయందు గౌరవము కొంచెము తక్కువ. మా అత్తగారు నేటికిని బంధువులతో, కోడలు ఆఫీసులో పని చేయుచున్నదని చెప్పుదురే గాని, ఇండ్లు అమ్ముచున్నదని చెప్పరు. నేనుండు కాలిఫోర్నియా రాష్ట్రమున నీ పనికి పరీక్ష కలదు, లైసెన్సు కలదు, ఎఱిగిన లోపమును దాచినచో న్యాయస్థానమును కలదు. ఈ వృత్తియందు పురుషులకంటె స్త్రీలే యధికులు.

మా యూరు సాంటా రోజా. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా సుమారు 55 మైళ్ల దూరమున, సొనోమా జిల్లాలో నున్నది. తూర్పు కొండలు దాటినచో నాపా లోయ. ఈ రెండు జిల్లాలును ద్రాక్షాసవమునకు లోకప్రసిద్ధములు. ఆ యాసవపు రుచిని గూర్చి వ్రాయుమన్నచో నేను వ్రాయలేను, నేనెఱుగను. ఇండ్లను గూర్చియు, ఇండ్లలో నుండువారిని గూర్చియు నైనచో కొంత చెప్పగలను.

గడచిన ఫిబ్రవరి మాసమున సాన్ హోసే నగరమునుండి యొక తెలుగు దంపతులు వచ్చిరి. కొండయంచున, తోటల నడుమ, సెలవుదినములకొక యిల్లు కావలెనట. తెనాలినుండి వచ్చియున్న తల్లిగారిని గూడ వెంట దెచ్చిరి. ఆ మాసమున మా తోటలలో ద్రాక్షతీగెలు ఆకు లేక మోడువారి యుండును. వరుసల నడుమ మాత్రము ఆవపూలు పసుపు ఆరబోసినట్లు విరియబూచి యుండును. కోడలు కారు దిగకమున్నే ఛాయాచిత్రములు తీయ నారంభించినది. అత్తగారు మాత్రము, "ఇంత ఆవ వేసి, గింజ కోసుకోరా అమ్మాయీ?" అని నన్నడిగిరి. "లేదు పిన్నిగారూ, నేలకు బలమని దున్ని కలిపివేయుదురు" అంటిని. ఆమె కది నచ్చలేదు.

ఆ యిల్లు అందమైనది. పచ్చని రంగు, నాలుగువైపుల వరండా, ఎదుట తోట, వెనుక ఓకు చెట్ల కొండ. వంటయిల్లు మన ముందుగది యంత. దంపతులు గదిగదికి సంతోషించుచుండగా, పిన్నిగారు వెనుక ద్వారము తెఱచి నిలువబడి మూడు ప్రశ్న లడిగిరి. "నీళ్లెక్కడివి? మురుగెక్కడికి పోవును? పొరుగున నెవరున్నారు?" ఇరువది యేండ్ల అనుభవము గల కొనుగోలుదారులు కూడ నింత సూటిగా అడుగరు.

నీరు బోరుబావిది. పట్టణపు గొట్టములు అంతదూరము రావు. వానకాలమున బావిని చూచి మురిసిపోరాదు; మా వానలు చలికాలముననే కురియును, వేసవి యంతయు చినుకు రాలదు. 2012 మొదలు 2016 వఱకును, మరల 2020 మొదలు 2022 వఱకును వచ్చిన అనావృష్టులలో ఎన్నో బావు లెండినవి. కావున నిమిషమునకెన్ని గాలనులు వచ్చునో వేసవి చివర పరీక్షించి చూడుడని నేను చెప్పుచుందును. మురుగు సెప్టిక్ ట్యాంకునకు పోవును. ఇందొక చిక్కు కలదు. ఇల్లెంత పెద్దదైనను, ట్యాంకునకు మూడు పడకగదుల లెక్కన అనుమతి యున్నచో, నాలుగవ గదిలో మంచము వేసి చూపినను దానిని పడకగది యని నేను వ్రాయరాదు. అమ్మువారు ఈ విషయమున నాతో ఎన్నిమారులు కలహించిరో!

ఇక పొరుగు. పొరుగున నుండునది మనుష్యులు కారు, తోట. చూచుటకు చల్లగా నుండు నా తోట నిజమునకొక కర్మాగారము. వసంతమున చిగురు వేయు దినములలో మంచు పడునను భయము గలిగినచో, తెల్లవారుజామున స్తంభములపై పెద్ద పంకాలు తిరుగును. ఆ రొద యింటిమీద హెలికాప్టరు నిలిచినట్లుండును. బూడిదతెగులు రాకుండుటకు గంధకపు పొడి చల్లుదురు. ఆగస్టు మొదలు అక్టోబరు వఱకు కోత. పండు చల్లగా నుండవలెనని అర్ధరాత్రి దీపములు పెట్టుకొని, ట్రాక్టర్లు వేసికొని వచ్చి కోయుదురు. వీనిని గూర్చి తరువాత ఫిర్యాదు చేయుటకు వీలులేదు. వ్యవసాయమువలని ధ్వనియు, దుమ్మును, వాసనయు నుండునని తెలుపు పత్రమును కొనువారికి ముందే యందజేయుదుము. కొన్నవారిలో సగముమంది దానిని చదువరని నా యనుమానము. మొదటి ఏప్రిలులో తెల్లవారుజామున మూడు గంటలకు నాకు టెలిఫోను చేసినవారు కలరు.

తిరిగివచ్చునపుడు పిన్నిగారు కారులోనుండి చూచి, "ఇంత భూమి యుండగా ప్లాట్లు చేయలేదేమి?" అనిరి. ఇది మంచి ప్రశ్న. దీనికి సమాధానము 1968వ సంవత్సరమున నున్నది.

వారి కుమారుడు కాపురమున్న సాన్ హోసే, దాని చుట్టునున్న సన్నీవేలు, కూపర్టీనో, ఒకప్పుడు వేలకొలది యెకరముల పండ్లతోటలు. వసంతమున ప్లము, ఆప్రికాటు పూలతో లోయ యంతయు తెల్లనై యుండెడిదట. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఆ తోటలు వీధులైనవి, పిమ్మట కంప్యూటరు కార్ఖానాలైనవి. నేడక్కడ కాపురమున్న మన తెలుగు కుటుంబములలో అనేకులు ఆ తోటల నేలమీదనే నిదురించుచున్నారు. ఆ గతి తమకును పట్టునని నాపావారు భయపడి, 1968లో లోయనేలను వ్యవసాయమునకే ప్రత్యేకించిరి. ఇరువది యెకరములకు తక్కువగా భూమిని విడదీయరాదనిరి. 1979లో దానిని నలువది యెకరములు చేసిరి. భూస్వాములలోనే కొందఱు నాడు తీవ్రముగా ఎదిరించిరి. తమ భూమిని తమ యిష్టమువచ్చినట్లు అమ్ముకొన వీలులేకున్న అది తమదెట్లగునని వారి వాదము. 1990లో ప్రజలు ఓట్లు వేసి, తమ సమ్మతి లేనిదే ఆ భూమిని వేఱు పనికి మార్చరాదని శాసించిరి. 2008లో ఆ కట్టుబాటును 2058 వఱకు పొడిగించిరి.

ఈ కథ చెప్పునపుడెల్ల నాకు మా పెదతండ్రిగారి తోట జ్ఞాపకము వచ్చును. మేడ్చలు ప్రాంతమున వారికి అనాబ్-ఎ-షాహి ద్రాక్ష యుండెడిది. వేసవి సెలవులలో పందిరి క్రింద మేము పిల్లలము ఆడుకొనెడివారము. హైదరాబాదు చుట్టు నట్టి తోటలెన్నో యుండెడివి. నగరము పెరిగినది, ధర వచ్చినది, కూలి దొరకలేదు, తెగుళ్లు పెరిగినవి, పెదతండ్రిగారు అమ్మిరి. అమ్మక ఏమి చేయుదురు? ఆ ధనముతోనే మా అక్క వివాహము జరిగినది. నేడక్కడ నాలుగంతస్తుల భవనము లున్నవి. కావున నాపావారి శాసనమును నేను మెచ్చుకొందునే గాని, తోట నమ్ముకొన్నవారిని నిందింపజాలను.

ఆ శాసనమునకు మఱియొక ముఖము కూడ కలదు. భూమి కట్టుపడినచోట ఇండ్లు పెరుగవు, ఇండ్లు పెరుగనిచోట ధర లాగవు. మా సాంటా రోజాలో మూడు పడకగదుల సామాన్యగృహమే 7 లక్షల డాలర్ల ప్రాంతమున నున్నది; నాపా లోయలోని సెయింట్ హెలీనా వంటి ఊళ్లలో చెప్పనక్కఱలేదు. పండ్లు కోయువారు, భోజనశాలలలో వడ్డించువారు, బడిపంతులమ్మలు, నర్సులు, దూరపు ఊళ్లనుండి గంటలకొలది కార్లలో వచ్చిపోవుచుందురు. 2002 మొదలు నాపా తోటల యజమానులు ఎకరమునకింత యని తమపై తామే పన్ను విధించుకొని, కూలివారికి వసతిగృహములు నడుపుటకు తోడ్పడిరి. మెచ్చదగిన పనియే. కాని యవి యొంటిగా వచ్చు కూలివారికొఱకు కట్టినవి. భార్యాబిడ్డలతో వచ్చువా రెక్కడ నుండవలెను?

ఇక పెద్దయిండ్లలో నొంటిగా నుండు వృద్ధురాండ్ర మాట. 1978 నాటి యొక శాసనముచే ఇంటిపన్ను కొన్నప్పటి ధరనుబట్టి కట్టబడును, ఏటేట నూటికి రెండుకంటె హెచ్చదు. నలువది యేండ్ల క్రిందట కొన్న యవ్వకు పన్ను స్వల్పము. వేఱు జిల్లాలోని చిన్నయింటికి మారినచో చాలచోట్ల క్రొత్త ధరకు క్రొత్త పన్ను పడెడిది. అందుచే మెట్లెక్కలేకున్నను కదలక కూర్చుండెడివారు. 2020లో ప్రజలు ఓటువేసి, 55 ఏండ్లు నిండినవారు పాతపన్నును రాష్ట్రములో నెక్కడికైనను తమవెంట దీసికొని పోవచ్చునని మార్చిరి. ఇది తెలియక బాధపడువారు నేటికిని నాకు కనబడుచుందురు.

అగ్నిని గూర్చి చెప్పక ఈ వ్యాసము ముగియదు. 2017 అక్టోబరు 8, ఆదివారము రాత్రి, కాలిస్టోగా సమీపమున రేగిన మంట, పెనుగాలి తోడై, కొండలు దాటి కొన్ని గంటలలోనే మా యూరు చొచ్చినది. ఆఱు వరుసల పెద్దరోడ్డును సైతము దాటి, కాఫీ పార్కు అను పల్లపుప్రాంతమున పడినది. 22 మంది మరణించిరి. 5,600కు పైగా కట్టడములు దగ్ధమైనవి. కాఫీ పార్కులోనే వేయికి మించి ఇండ్లు. అది అడవి కాదు, కొండ కాదు. పిల్లలు సైకిళ్లు త్రొక్కుకొను వీధులు. అగ్నిభయము గల స్థలముల పటములో దాని పేరే లేదు.

2015లో ఆ వీధులలో నొక యింటిని నేనే యొక నర్సునకును, ఆమె భర్తకును కొనిపెట్టితిని. నేల, కప్పు, పునాది, గొట్టములు, అన్నియు పరీక్షింపజేసితిని. భీమా పత్రమును మాత్రము అప్పిచ్చు బ్యాంకువా రడిగిరి గావున, ఉన్నదా యని చూచి సరిపెట్టితిని. ఎంతకు చేసిరి, ఇల్లు పూర్తిగా పోయినచో అంతతో తిరిగి కట్టవచ్చునా యని నేను అడుగలేదు. అది నా పని కాదని యనుకొంటిని. శాసనము ప్రకారము కాదు గూడను. ఆ రాత్రి వారు ఇద్దఱు పిల్లలతో, కుక్కతో, కట్టుబట్టలతో బయటపడిరి. కట్టుటకు కావలసినదానికి భీమాసొమ్ము చాలలేదు. ఆ బూడిదస్థలమును అమ్మిపెట్టుమని ఆమె నాయొద్దకే వచ్చినది. నన్నొక మాటయు అనలేదు. ఆ యమ్మకమునకు నేను దలాలి పుచ్చుకొనలేదు. దానివలన వారికి ఒరిగిన దేమియు లేదు.

ఆ వీధుల వారు మాత్రము ఆశ్చర్యము గొలిపిరి. అంతకుముందు చేయెత్తి పలుకరించుటతో సరిపెట్టుకొను పొరుగువారు, వారమునకొకమారు కూడి, వీధికొకరిని పెద్దగా నెన్నుకొని, మేస్త్రీలతో ఒక్కుమ్మడిగా బేరమాడి, పట్టణసభ యెదుట నిలిచి, మూడేండ్లలో అధికభాగము తిరిగి కట్టుకొనిరి. నేడక్కడ నిల్లు చూపబోయినచో, ఎవరు వచ్చుచున్నారో విచారించుటకు ప్రక్కింటివారు బయటికి వత్తురు. మునుపది లేదు.

అటుపిమ్మట నేను వంటయిల్లు చూపకమున్నే భీమామాట యెత్తుదును. 2023లో రాష్ట్రముననే పెద్దదగు భీమాకంపెనీ యొకటి క్రొత్త యిండ్లకు భీమా నిలిపివేసినది. తక్కినవారిలో పలువురు కొండయంచు ఇండ్లను తప్పించుకొనుచున్నారు. ఎవరును ఇయ్యనిచో 1968లో నేర్పడిన ఫెయిర్ ప్లాను అను ఉమ్మడినిధి యొకటి కలదు. అది ముఖ్యముగా అగ్నికే, తక్కిన వానికి వేఱుగా కొనవలెను. ఇంటిచుట్టు నూఱడుగుల వఱకు ఎండుగడ్డి, ఎండుకొమ్మలు తీసివేయవలెను. అందమునకు గోడనంటి పెంచిన పొదలే ముందు తీయుడని నేను చెప్పగా, గృహిణులకు నామీద కోపము వచ్చును.

పచ్చని యింటికి ముగ్గురు భీమావారు లేదనిరి. నాలుగవవారును ఫెయిర్ ప్లానును కలిసి చెప్పిన సొమ్ము విని, ఆ కుమారుడు సెల్‌ఫోనులో మూడుమారులు లెక్కవేసికొనెను. కోడలు వరండాలో కూర్చుండి చాలసేపు మాటలాడలేదు. ఆమెకు ఆ యిల్లు నిజముగా నచ్చినది. పిన్నిగారు మాత్రము, "ఏడాదికి పది రాత్రులుండుటకు ఇంత వగపు దేనికిరా, మీ యూళ్లో నా గదికి కిటికీ పెద్దది చేయించరాదా?" అనిరి. వారు కొనలేదు.

పోయిన వారము పిన్నిగారు తెనాలినుండి టెలిఫోను చేసి, కిటికీ పెట్టించిరని చెప్పి, "ఆ యింటినెవరు కొన్నారమ్మాయీ?" అని యడిగిరి. ఇంకను అమ్మకమునకే యున్నదంటిని. ఎదుటి తోటయజమాని కూడ నాయొద్దకు వచ్చియున్నాడు. ఆసవమును త్రాగువారు తగ్గుటచే 2024లో కాలిఫోర్నియాలో ఎన్నో తోటల పండు కోయకయే విడిచిరి; ఆయనయు అందొకడు. తీగెలు పెరికివేయుదునా, భూమి అమ్ముదునా యని నన్నడుగుచున్నాడు. గురువారము కలిసికొందమని చెప్పితిని.