కట్టుట ఘనమా, కాపాడుట ఘనమా?

గోదావరి యొడ్డుననే యుండియు నీటికై యాకాశమువంక చూచుట కరీంనగరము, ఆదిలాబాదు సీమల రైతులకు చిరకాలముగ నలవాటైనది. నది పల్లమున పారును, పొలములు మెరకనుండును. ఈ కొరత తీర్చుటకై 1948లో నిజాము పాలన యంతరించిన పిమ్మట ప్రభుత్వములు కట్టించిన జలాశయములు స్వల్పము కావు. అయినను కాలువ చివరి భూములకు నీరందదను మొర నేటికిని వినబడుచున్నది. కట్టుటయందు మనకుగల యుత్సాహము కాపాడుటయందు లేకపోవుటయే దీనికి ముఖ్యకారణమని మా యభిప్రాయము.

శ్రీరామసాగరమును చూడుడు. 1963 జూలై 26న పోచంపాడువద్ద జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన మొనర్చెను. 112 టి.ఎం.సి.ల నిల్వకై యిది యుద్దేశింపబడినది, టి.ఎం.సి. యనగా శతకోటి ఘనపుటడుగులు. ఎగువనుండి కొట్టుకొనివచ్చిన యొండ్రు చేరి చేరి యా నిల్వ సుమారు 80కి తగ్గినది. కరీంనగరము చెంతనున్న దిగువ మానేరు నిండుగ నిండినను 24 టి.ఎం.సి.లే. అనగా ఒక మానేరును మించిన చోటు చడిచప్పుడు లేక మట్టిపాలైనది. మహారాష్ట్రమువారు ఎగువన కట్టిన బాబ్లీ బరాజు నిల్వ 2.74 టి.ఎం.సి.లు. దానికై సుప్రీంకోర్టువరకు పోయితిమి. 2013లో తీర్పును బడసితిమి. ఎగువవారిని ప్రశ్నించుట న్యాయమే. కాని యా బరాజు నిల్వకు పదిరెట్లు మించిన చోటు మన జలాశయగర్భముననే పూడిపోవుచుండగా, అంతటి యలజడి మనలో నేల పుట్టలేదు?

ఆదిలాబాదు సీమలోని కడెము కథ యింతకంటె భయావహము. 1958లో వరద కట్టపై పొరలి గండికొట్టెను. తరువాత కట్టను బాగుచేసి తలుపులసంఖ్యను పెంచిరి. 2022 జూలైలో ఐదులక్షల క్యూసెక్కులను మించిన వరద వచ్చెను. జలాశయము క్రిందికి విడువగలిగినది సుమారు మూడులక్షలే. అట్టి గడియలో 18 తలుపులలో నొకటి తెరచుకొనలేదు. దిగువ గ్రామములవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. కట్ట నిలుచుట దైవకృప. మరుసటియేడు జూలైలో మరల కొన్ని తలుపులు మొరాయించెను. మొదటిదానిని హెచ్చరిక యందము. రెండవదానిని ఉపేక్ష యనక మరేమందుము?

ఇక పూర్వపు కరీంనగరము జిల్లాలోని మేడిగడ్డ బరాజు 2019 జూన్ 21న ప్రారంభమై, 2023 అక్టోబరు 21న ఏడవ విభాగమున క్రుంగెను. యోచన, రూపకల్పన, నాణ్యతాపరీక్ష, నిర్వహణ యను నాలుగింటను లోపములున్నవని జాతీయ ఆనకట్టల భద్రతాసంస్థ తేల్చెను. నిర్మాణదోషము నిర్వహణచే మానదు, నిజమే; కాని ఏటేట వరద తీసిన పిమ్మట పరీక్షించువానికి దోషము ముందుగ కనబడు నవకాశముండును.

మన పూర్వులు చెరువు కట్టి యూరకుండలేదు. తూము తెరచి మూయుటకు, మడిమడికి నీరు పంచుటకు నీరటిని నియమించి, కల్లమువద్ద ధాన్యమిచ్చి పోషించిరి. 2015లో మొదలైన మిషన్ కాకతీయచే చెరువుల పూడిక తీయబడినది. కాని తూమువద్ద కావలి యెవ్వరు? తూము మొదట పొలముగల యాసామి తడిసిన మడినే మరల తడిపి, చివరివానికి ఎండిన కాలువను మిగుల్చుచుండగా తప్పంతయు సర్కారుపై మోపుట ధర్మమా? నీటి పంపకమును రైతుల చేతికిచ్చుటకు 1997లోనే చట్టము వచ్చినది. సంఘములు కాగితముపై నున్నంతమాత్రమున నీరు పారదు.

కావున మేము కోరునది స్వల్పము. క్రొత్త పనులకు ధనము కేటాయించుటకు ముందు పాతవాని పోషణమునకు కేటాయింపవలెను. ప్రతి జలాశయపు పూడిక లెక్కను ప్రజలకు ప్రకటింపవలెను. తొలకరికి పూర్వమే తలుపులన్నియు ఎత్తి దించి చూడవలెను. ఇవి ప్రభుత్వము చేయదగినవి. నీరటికి కూలి నిచ్చుట, చివరి మడి తడిసినపిమ్మటనే తన రెండవ తడికి గట్టు తెంపుట మనము చేయదగినవి. శంకుస్థాపన శిలలపై పేరులు చెక్కించుకొన్నవారు పెక్కురు గలరు. తలుపునకు నూనె వేసినవాని పేరు ఏ శిలపైనను లేదు. ఊళ్లు నిలుచుట మాత్రము వానివలననే.